చిన్న దావాల కోర్టు ఎవరి కోసం వచ్చింది, ఎవరికి పనికొచ్చింది

చిన్న మొత్తాల డబ్బు తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కేసు వేద్దామనుకునేవాళ్లు ముందు అడిగేది ఫారం ఎలా నింపాలి, ఫీజు ఎంత అని. అవి తెలుసుకోవాల్సిందే, కానీ కేసు తయారీ భారమంతా మన నెత్తిన ఎందుకు పడుతుందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లండ్‌లో 1846లో కౌంటీ కోర్టుల చట్టం వచ్చింది. 20 పౌండ్ల లోపు బాకీలు తక్కువ ఖర్చుతో, ఉన్న ఊరికి దగ్గర్లోనే తేలిపోవాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. దావాలు వేసింది ఎక్కువగా షాపులవాళ్లు, అప్పులిచ్చినవాళ్లు. ప్రతివాదులుగా నిలబడింది కూలినాలి చేసుకునే జనం. అప్పు కట్టకపోతే జైలు అన్న పద్ధతిని 1869 చట్టం చాలావరకు తీసేసింది, అయినా స్తోమత ఉండి కట్టడం లేదన్న కారణం చూపి పేదవాళ్లను లోపల వేయడం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

అమెరికాలో జనానికి కోర్టుల మీద అసంతృప్తి ఎందుకో 1906లోనే రాస్కో పౌండ్ అనే న్యాయశాస్త్ర పండితుడు లాయర్ల సభలో నిలబడి చెప్పాడు. 1913లో క్లీవ్‌లాండ్ మున్సిపల్ కోర్టు చిన్న తగాదాలకు రాజీ విభాగం పెట్టింది, అదే కాలంలో కాన్సస్ రాష్ట్రం లాయర్లను అసలు రానివ్వని కోర్టుకు చట్టం చేసింది. 1920లో మసాచుసెట్స్, 1921లో కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికి వర్తించేలా ఈ ఏర్పాటు తెచ్చాయి.

ఈ కోర్టుల్లో లాయర్ అక్కర్లేదు, ప్రశ్నలు జడ్జే అడుగుతారు, సాక్ష్యం నియమాలు సడలిస్తారు. బాగుంది. అయితే జడ్జి మన రసీదులు వెతికిపెట్టరు. ప్రతివాది చట్టబద్ధమైన పేరు, అడిగిన మొత్తం ఎలా వచ్చిందో లెక్క, కేసుకు ముందు డబ్బు కట్టమని రాసి పంపిన ఉత్తరం, ఫొటోలు, మెసేజ్‌ల ప్రింట్లు తేదీల వరసలో పెట్టి కాపీలతో సహా తీసుకెళ్లాల్సింది మనమే. అవతలివాళ్లకు నోటీసు సరిగ్గా అందిందని చూపించలేకపోతే విచారణ వాయిదా పడొచ్చు. ఇవన్నీ అలవాటైన కంపెనీలకు సులువు, మొదటిసారి వచ్చిన మనిషికి టెన్షన్.

ఈ తేడా గమనించే న్యూయార్క్ మామూలు స్మాల్ క్లెయిమ్స్‌లో కంపెనీలు దావా వేయకూడదంది, వాటికి వేరే విభాగం పెట్టింది. ఇంగ్లండ్‌లో వినియోగదారుల పక్షాన 1970లో వచ్చిన ఒక నివేదిక మామూలు మనిషికి కౌంటీ కోర్టు అందడం లేదని తేల్చాక, 1973లో చిన్న కేసులకు మధ్యవర్తిత్వ పద్ధతి మొదలైంది. ఇప్పుడు అక్కడ మామూలు డబ్బు దావాలకు పరిమితి 10,000 పౌండ్లు.

ఇన్నేళ్లలో సరిగ్గా తేలనిది వసూలు. తీర్పు మనకు వచ్చినా కోర్టు తనంతట తాను డబ్బు రాబట్టి ఇవ్వదు, అమలు కోసం మళ్లీ అర్జీ, మళ్లీ ఫీజు. అందుకే అవతలి మనిషి ఎక్కడ పనిచేస్తున్నాడో, ఏ బ్యాంకులో ఖాతా ఉందో, పేరు మీద ఆస్తి ఏమైనా ఉందో కేసు వేయకముందే కనుక్కోండి.