వేలిముద్ర పడకపోతే కార్డు పోయినట్టు కాదు

గుర్తింపు ధ్రువీకరణ సాఫ్ట్‌వేర్ రూపకల్పన నా వృత్తి. కోనసీమలోని మా ఊరికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అరచేతులు చూపించి, "బాబూ, నా వేలిముద్ర పడటం లేదు, నా రేషన్ కార్డు తీసేశారా?" అని అడుగుతారు. తీసెయ్యలేదు. ఈ ఒక్క అపోహతో అర్హులైనవారు బియ్యం వదులుకొని ఇంటిముఖం పడుతున్నారు కాబట్టి దీన్నే వివరంగా చెబుతాను.

యంత్రం మనిషిని గుర్తుపట్టదు. ఆధార్ నమోదునాటి ముద్రకూ నేటి ముద్రకూ ఉన్న పోలిక ఒక హద్దు దాటితే 'అవును' అంటుంది, దాటకపోతే 'కాదు' అంటుంది. ఆ హద్దును నిర్ణయించేది మనుషులే. పెంచితే అసలువారే తిరస్కరణకు గురవుతారు, తగ్గిస్తే పరాయివారు చొరబడతారు. పీచు పేనిన చేతులకూ రొయ్యలు ఒలిచిన చేతులకూ వేలిగీతలు అరిగిపోతాయి. కాబట్టి 'కాదు' అంటే పోలిక కుదరలేదని మాత్రమే అర్థం, ఎదుటి మనిషి దొంగ అని కాదు.

మా అమ్మమ్మ జీవితమంతా కొబ్బరి పీచు తాళ్లు పేనింది. ఒకసారి రేషన్ డిపోలో మూడుసార్లు వేలు పెట్టి, చీర చెంగుతో తుడుచుకొని, నాలుగోసారి అడగడానికి సిగ్గుపడి ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. తెర మీద కనిపించిన మాట 'విఫలం'. విఫలమైనది ఎవరో తెర చెప్పలేదు. తానేనని ఆమె అనుకుంది. తిరస్కరించే ప్రతి తెరా తరువాత ఏం చేయాలో తెలుగులో చెప్పి తీరాలని నేను పట్టుబట్టేది అందుకే.

వేరే వేలు పెట్టి చూడండి, ఐరిస్ (కంటిపాప గుర్తింపు) గానీ ఓటీపీ గానీ అడగండి, ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ (వేలిముద్ర, కంటిపాప వివరాలు) నవీకరించుకోండి. ధ్రువీకరణ కుదరలేదన్న కారణంతో లబ్ధి నిరాకరించకూడదని, అలాంటివారి వివరాలను మినహాయింపు రిజిస్టరులో రాసి సరుకు ఇవ్వాలని 2017 అక్టోబరు 24 నాటి ఆధార్ ప్రాధికార సంస్థ సర్క్యులర్ చెబుతోంది.

ఆధార్ ఉంటే పౌరసత్వం ఉన్నట్టేనన్నది తప్పు. 2016 ఆధార్ చట్టంలోని 9వ సెక్షన్ చదివితే చాలు. నంబరు తెలిస్తే ఖాతా ఖాళీ అవుతుందన్న పుకారూ నిజం కాదు, కానీ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి మోసగించిన సంఘటనలు నిజమే. ఆ భయం ఉన్నవారు బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చు. అయితే పెద్దవాళ్ల బయోమెట్రిక్‌కు తాళం వేసిన పిల్లలు ఆ మాట వాళ్లకు తప్పక చెప్పాలి. తాళం తీయనంతకాలం డిపోలో వాళ్ల వేలిముద్ర కూడా పడదు.