బేసిక్ రీసెర్చ్ ల్యాబ్‌లో క్వాలిటీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: క్వాలిటీ సిస్టమ్ మందుల కంపెనీలకే, మనకెందుకు?

వాస్తవం: సెల్ బయాలజీ ల్యాబ్‌లో క్వాలిటీ పనులు చూసే నాకు ఎక్కువగా వినిపించే మాట ఇదే. జీఎల్‌పీ (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్, అంటే ల్యాబ్ పని ఎలా చేయాలి, ఎలా రికార్డు చేయాలి అనే) నియమాలు పుట్టింది మందులు, రసాయనాల భద్రతా పరీక్షల కోసమే. అమెరికా 1978లో, ఓఈసీడీ అనే దేశాల కూటమి 1981లో తెచ్చాయి. బేసిక్ రీసెర్చ్‌కు అవి తప్పనిసరి కాదు. కానీ ఈ శాంపిల్ ఏది, ఎవరు చేశారు, ఏ పరికరంతో, ముడి డేటా ఎక్కడుంది అన్న ప్రశ్నలు ఏ ల్యాబ్‌కైనా ఒకటే. బేసిక్ బయోమెడికల్ పరిశోధన కోసమే డబ్ల్యూహెచ్‌ఓ 2006లో ఒక హ్యాండ్‌బుక్ కూడా ప్రచురించింది.

అపోహ: ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో అడుగడుగునా రాసిన పత్రాలు) పెడితే కొత్త ఆలోచనలు రావు.

వాస్తవం: పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) ఎలా చెక్ చేయాలో ఎస్‌ఓపీ చెబుతుంది, ఏ ప్రశ్న వెంట పడాలో చెప్పదు. ప్రోటోకాల్ మధ్యలో మార్చుకోండి, తేదీ, కారణం రాయండి. అంతే.

అపోహ: మా సెల్స్ ఏమిటో మాకు తెలుసు.

వాస్తవం: ఇక్కడే నాకు ఎక్కువ టెన్షన్. ఎండీఏ-ఎంబీ-435 అనే సెల్ లైన్‌ను (ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పెంచుతూ వచ్చే, ఒకే మూలం నుంచి వచ్చిన సెల్స్) రొమ్ము క్యాన్సర్‌దని నమ్మి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. అవి మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) సెల్స్‌లా ఉన్నాయని 2000లో జన్యు పరిశీలనలో బయటపడింది. తర్వాత చూస్తే ఎం14 అనే మెలనోమా లైన్‌తో సరిపోయాయి. ఆ ప్రయోగాలు చేసినవాళ్లు అజాగ్రత్తపరులేమీ కాదు, సీసా మీద లేబుల్‌ను నమ్మారు. ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ (డీఎన్‌ఏ చూసి సెల్స్‌ను గుర్తుపట్టే పరీక్ష) చేయిస్తే ఇలాంటివి దొరుకుతాయి. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా ఇంకో తలనొప్పి. అది చేరినా మీడియా (సెల్స్ పెరిగే ద్రవం) మసకబారదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించదు. దానికి సెల్ వాల్ ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. సెల్స్ చూడ్డానికి బాగానే ఉంటాయి, ఫలితాలు మాత్రం మారిపోతాయి. కొత్త లైన్ ఏది వచ్చినా టెస్ట్ అయ్యేదాకా విడిగా పెట్టాల్సిందే. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

అపోహ: పీర్ రివ్యూ (ప్రచురణకు ముందు ఇతర శాస్త్రవేత్తలు పేపర్‌ను పరిశీలించడం) అయిందంటే ఫలితం సరైనదే.

వాస్తవం: రివ్యూయర్ చూసేది పేపర్‌ను, మీ ఫ్రీజర్‌ను కాదు. ఆమ్‌జెన్ కంపెనీ శాస్త్రవేత్తలు 53 ముఖ్యమైన క్యాన్సర్ పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే 6 మాత్రమే నిలబడ్డాయని 2012లో రాశారు.

అపోహ: ఇదంతా చేయాలంటే బోలెడు డబ్బు కావాలి.

వాస్తవం: పేజీ నంబర్లున్న నోట్‌బుక్, ఫ్రీజర్‌లో ఏ పెట్టెలో ఏముందో చెప్పే రిజిస్టర్, ప్రతి యాంటీబాడీకి లాట్ నంబర్ (అది ఏ తయారీ బ్యాచ్‌దో చెప్పేది) రాసే అలవాటు. వీటితో ఈ వారమే మొదలుపెట్టవచ్చు. డబ్బు ఉన్నప్పుడు ముందు సెల్ లైన్ల పరీక్షకు, ఆ తర్వాత పిపెట్ల క్యాలిబ్రేషన్‌కు పెట్టండి.