కాంప్లిమెంట్ వ్యవస్థ: అపోహలు - వాస్తవాలు

లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కణాల మీదే తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లు రిపోర్టు తెచ్చి ముందుగా వేలు పెట్టి చూపించేది సి3, సి4 అంకెలనే. ఇవి మన రక్షణ వ్యవస్థలో భాగమైన కాంప్లిమెంట్ ప్రొటీన్లు. "తగ్గిపోయాయి డాక్టర్ గారూ, నాకు ఇమ్యూనిటీ పడిపోయిందా?" అని అడుగుతారు. చాలాసార్లు జరుగుతున్నది దానికి పూర్తిగా ఉల్టా. కాంప్లిమెంట్ ఒంట్లో అవసరం లేని చోట విపరీతంగా ఖర్చవుతోంది కాబట్టే అంకె పడిపోతుంది. ఇలాంటి అపార్థాలు ఇంకా కొన్ని ఉన్నాయి.

అపోహ: క్రిములు వచ్చినప్పుడే కాంప్లిమెంట్ మేల్కొంటుంది.

అది అసలు నిద్రే పోదు. కాంప్లిమెంట్ అంటే రక్తంలో తిరిగే ముప్పైకి పైగా ప్రొటీన్లు. ఎక్కువ భాగం లివర్‌లో తయారవుతాయి. వీటిని కదిలించే దారులు మూడు. యాంటీబాడీ అతుక్కున్న చోట మొదలయ్యేది క్లాసికల్ దారి. క్రిముల పైనుండే చక్కెర అణువులను పట్టుకుని మొదలయ్యేది లెక్టిన్ దారి. మూడోదైన ఆల్టర్నేటివ్ దారిని ఎవరూ కదిలించనక్కర్లేదు. సి3 అనే ప్రొటీన్ తనంతట తానే కొద్దికొద్దిగా తెరుచుకుంటూ ఉంటుంది, సిమ్‌లో పెట్టిన స్టవ్ లాగా. మూడు దారులూ కలిసేది ఈ సి3 దగ్గరే.

తెరుచుకున్న సి3లోని పెద్ద ముక్క సి3బి. పక్కన ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది. అది బ్యాక్టీరియానా, మన సొంత రక్తనాళం గోడా అని చూడదు. ఆ తేడా చూసేవి అదుపు చేసే ప్రొటీన్లు. మన కణాల మీద ఉండే సియాలిక్ యాసిడ్ అనే చక్కెర అణువును ఆనవాలు పట్టి ఫ్యాక్టర్ హెచ్ అక్కడ వాలుతుంది. దాని సాయంతో ఫ్యాక్టర్ ఐ ఆ సి3బిని కోసి పనికిరాకుండా చేస్తుంది. కణం పొర మీదే ఉండే సిడి46ది కూడా ఇదే పని. సిడి55 మంట పెంచే ఎంజైమును విడగొడుతుంది. ఇవన్నీ దాటి వచ్చినా చివర్న సిడి59 ఉంటుంది. సి9 అణువులు వలయంగా చేరి కణానికి కన్నం పెట్టబోతుంటే అది అడ్డుపడుతుంది. చాలా బ్యాక్టీరియాకు ఈ కాపలా లేదు. మెదడు పొరల వాపు తెచ్చే మెనింజోకాకస్ లాంటివి మాత్రం మన ఫ్యాక్టర్ హెచ్‌నే లాక్కుని ఒంటికి కప్పుకుంటాయి.

అందుకే "కాంప్లిమెంట్ బలంగా ఉందా?" అని ఎవరైనా అడిగితే, అదుపు సరిగ్గా ఉందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

అపోహ: ఇమ్యూనిటీ జబ్బు వేరు, రక్తం గడ్డకట్టే జబ్బు వేరు.

పుస్తకాల్లో అధ్యాయాలు వేరు గానీ రక్తనాళంలో రెండూ ఒకచోటే జరుగుతాయి. ఎటిపికల్ హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్‌నే తీసుకోండి. ఫ్యాక్టర్ హెచ్, ఫ్యాక్టర్ ఐ, సిడి46 జన్యువుల్లో లోపం ఉన్నా, చాలామంది ఏళ్ల తరబడి బాగానే ఉంటారు. ఒక ఇన్ఫెక్షనో, కాన్పో వచ్చిపడ్డాక అదుపు తప్పుతుంది. కిడ్నీలోని సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, ప్లేట్‌లెట్లు అక్కడ అతుక్కుంటాయి, ఆ ఇరుకులోంచి వెళ్లే ఎర్రకణాలు చిరిగిపోతాయి. స్లైడును మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రంగా ఉండాల్సిన కణాలు హెల్మెట్లలా, త్రికోణాల్లా కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గి, క్రియాటినిన్ పెరిగి, స్లైడు అలా ఉంటే ఆ కేసును రేపటికి వాయిదా వేయడం ఉండదు.

పిఎన్‌హెచ్ (పారాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా) అనే జబ్బులోనూ అంతే. ఎముక మజ్జలోని మూలకణంలో పిగ్-ఎ అనే జన్యువు పాడవుతుంది. పుట్టాక వచ్చే మార్పే గానీ వంశపారంపర్యం కాదు. ఆ కణం నుంచి పుట్టిన ఎర్రకణాల మీద సిడి55, సిడి59 ఉండవు. సొంత కాంప్లిమెంటే వాటిని పగలగొడుతుంది. పేరులో హీమోగ్లోబిన్ మూత్రంలో పోవడం గురించి ఉన్నా, ఈ జబ్బులో ఎక్కువగా ప్రాణం తీసేది సిరల్లో కట్టే గడ్డలు.

అపోహ: సి3, సి4 నార్మల్ అంటే కాంప్లిమెంట్‌కు ఏ పాత్రా లేనట్టే.

ఆ అంకె తయారీకి, ఖర్చుకు మధ్య మిగిలిన నిల్వ మాత్రమే. వాపు ఉన్నప్పుడు లివర్ సి3ని ఎక్కువగా తయారు చేస్తుంది. గర్భంతో ఉన్నప్పుడూ పెరుగుతుంది. కాబట్టి గర్భిణికి లూపస్ ఉంటే "నార్మల్" అంకెను కూడా నేను అనుమానంగానే చూస్తాను. యాంకా అనే యాంటీబాడీలతో రక్తనాళాలు వాచే జబ్బు యాంకా వాస్కులైటిస్. అందులో సి3, సి4 చాలావరకు మామూలుగానే ఉంటాయి. అయినా సి5 ప్రొటీన్ నుంచి వచ్చే సి5ఎ అనే చిన్న ముక్క న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను రక్తనాళం గోడ మీదికి ఉసిగొల్పుతుంది. ఆ సి5ఎ రిసెప్టర్‌ను మూసే అవాకోపాన్ అనే మందుకు అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది.

సి3, సి4 రెండూ తగ్గితే క్లాసికల్ దారిలో ఖర్చు ఎక్కువని, సి3 మాత్రమే తగ్గితే ఆల్టర్నేటివ్ దారిని చూడాలని ఒక అంచనాకు వస్తాం.

శాంపిల్ సంగతి కూడా చెప్పాలి. ఒక పేషెంట్‌కు సీహెచ్50 (కాంప్లిమెంట్ మొత్తంగా ఎంత పనిచేస్తోందో చూసే పరీక్ష) దాదాపు సున్నా అని రిపోర్టు వచ్చింది. సి3, సి4 మాత్రం బాగున్నాయి. పుట్టుకతో ఏదో కాంప్లిమెంట్ లోపం ఉందేమోనని ఆ కుటుంబం టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు. విచారిస్తే ట్యూబు మధ్యాహ్నమంతా బల్ల మీదే ఉండిపోయిందని తేలింది. 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే కాంప్లిమెంట్ పనే మానేస్తుంది, గది వేడికి కూడా మెల్లగా పాడవుతుంది. మళ్లీ రక్తం తీసి, వెంటనే సీరం వేరుచేసి, ఫ్రీజ్ చేసి పంపితే మామూలుగానే వచ్చింది.

అపోహ: లూపస్‌కు కాంప్లిమెంటే కారణం, మొత్తం ఆపేస్తే నయమవుతుంది.

కిడ్నీలో నష్టం చేసేది అదే, నిజమే. కానీ క్లాసికల్ దారిని మొదలుపెట్టే ప్రొటీన్ సి1క్యూ పుట్టుకతో అసలే లేనివాళ్లలో అత్యధికులకు లూపస్ లేదా లూపస్ లాంటి జబ్బు వస్తుంది. చనిపోయిన కణాల చెత్తను ఎత్తి అవతల పారేయడంలో సి1క్యూది పెద్ద పాత్ర. ఆ చెత్త పేరుకుంటే దాని మీదే యాంటీబాడీలు పుడతాయి. అందుకే ఏ మెట్టు దగ్గర ఆపాలన్నది ఇంత జాగ్రత్తగా ఆలోచించాల్సి వస్తుంది.

అపోహ: ముఖం, గొంతు వాచిందంటే అలర్జీయే.

దురద, దద్దుర్లు లేకుండా మళ్లీ మళ్లీ వాపు వస్తుంటే సి4 చేయించండి. కాంప్లిమెంట్‌ను అదుపు చేసే ప్రొటీన్లలో సి1 ఇన్హిబిటర్ ఒకటి. దాని లోపంలో వాపు హిస్టమిన్ వల్ల కాదు, బ్రాడీకైనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. ఆ వాపుకు యాంటీహిస్టమిన్లు, స్టెరాయిడ్లు పనిచేయవు. గొంతు వాపైతే ప్రాణాపాయం.

అపోహ: సి5ను ఆపే మందు వేసుకుంటే ఒంట్లో రక్షణే ఉండదు.

అలాంటి మందైన ఎకులిజుమాబ్‌కు అమెరికాలో 2007లో పిఎన్‌హెచ్‌కు, 2011లో ఎటిపికల్ హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్‌కు అనుమతి వచ్చింది. అది సి5 దగ్గర ఆపుతుంది. కాబట్టి సి3బి క్రిములకు గుర్తు పెట్టే పని సాగుతూనే ఉంటుంది. పోయేది కన్నం పెట్టే శక్తి, దానితోపాటు సి5ఎ చేసే పని. కన్నం పెట్టే శక్తి అన్నిటికన్నా ఎక్కువగా కావాల్సింది మెనింజోకాకస్ మీదే. మందు మొదలుపెట్టడానికి కనీసం రెండు వారాల ముందు టీకాలు వేస్తాం. ఆగే వ్యవధి లేకపోతే టీకాతో పాటు యాంటీబయాటిక్ కూడా ఇస్తాం. టీకా వేసుకున్నా ప్రమాదం పూర్తిగా పోదు. ఈ మందు వాడుతూ జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఎర్రటి మచ్చలు వస్తే తెల్లారే దాకా చూడకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లి, ఏ మందు వాడుతున్నారో మొదటి మాటగా చెప్పండి.