బొమ్మ చీకటిగా ఉంటే తప్పు సినిమాదేనా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా థియేటర్ ప్రొజెక్టర్లు బాగుచేస్తున్నాను. సూపర్ హీరో సినిమా ఏది విడుదలైనా ఆ వారమంతా నా చెవిన పడే మాట ఒకటే: "గ్రాఫిక్స్ దారుణం, అంతా చీకటి, ఏమీ కనిపించలేదు."

పోయిన నెల మేనల్లుడిని అలాంటి సినిమాకే తీసుకెళ్లాను. 3డీ, ఫస్ట్ షో. ఇంటర్వెల్‌కు ముందు రాత్రిపూట ఒక పెద్ద పోరాటం. వాడు నా చెవి దగ్గరికి వంగి, "మామయ్యా, దెబ్బలు తింటున్నది మనవాడా, వాళ్లవాడా?" అని అడిగాడు. నాకూ తెలియలేదు. ఇంటర్వెల్‌లో ప్రొజెక్టర్ క్యాబిన్‌కు వెళ్లాను, ఆపరేటర్ తెలిసినవాడే. ప్రొజెక్టర్ ల్యాంపును ఎన్ని గంటలకు మార్చాలో ఆ గంటలు ఎప్పుడో దాటిపోయాయి. వెలుగు తెర వైపు వెళ్లే క్యాబిన్ కిటికీ అద్దం మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము.

అపోహ: చీకటిగా తీశారు కాబట్టి చీకటిగా ఉంది.

వాస్తవం: జనం జేబుకు అన్నిటికంటే ఎక్కువ చిల్లు పెట్టే అపోహ ఇదే. 2డీ బొమ్మకు తెర మీద ఉండాల్సిన వెలుగు 14 ఫుట్-లాంబర్టులు (తెర వెలుగును కొలిచే ప్రమాణం). 3డీలో కళ్లద్దాల గుండా కంటికి చేరేది 4.5 ఉంటే చాలని సాధారణంగా లెక్క వేసుకుంటారు, ఆ వెలుగుకు తగ్గట్టే రంగులు దిద్ది 3డీ కాపీ పంపుతారు. ఒకే ప్రొజెక్టర్ సెకనుకు 144 సార్లు ఎడమ కంటికీ కుడి కంటికీ మార్చి మార్చి బొమ్మ వేస్తుంది. అంటే ఒక్కో కంటికి దక్కేది సగం సమయమే. మిగిలినదాంట్లో సగానికి పైగా పోలరైజర్, అంటే ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరేలా లెన్సు ముందు పెట్టే వడపోత అద్దం, మింగేస్తుంది. దీనికి ముసలి ల్యాంపు తోడైతే నల్ల దుస్తుల మనిషి నల్ల గోడలో కలిసిపోక ఏమవుతాడు?

ఇంకో ఘోరం కూడా ఉంది. 3డీ ఆట ముగిశాక పోలరైజర్‌ను లెన్సు ముందు నుంచి జరపడం మరచిపోయి, దాని గుండానే 2డీ ఆట వేస్తారు. జరపడానికి ఒక్క నిమిషం పట్టదు. ఎవరూ లేచి అడగనందువల్ల రోజంతా అలాగే నడిచిన ఆటలు నేను చూశాను.

అందుకే చెబుతున్నాను, దయచేసి మొదటి పది నిమిషాల్లోనే లేచి మేనేజర్‌తో చెప్పండి. పేర్లు పడేటప్పుడు తెల్ల అక్షరాలు బూడిద రంగులో ఉన్నాయా, తెర మధ్య భాగం వెలుగుతూ మూలలు నల్లబడ్డాయా చూడండి. 3డీ కోసం వేసే వెండి పూత తెర (సిల్వర్ స్క్రీన్) మీద మూలలు కొంత తగ్గడం సహజమే, నల్లబడటం సహజం కాదు. 3డీ చూస్తుంటే కళ్లు లాగుతున్నాయా? కళ్లద్దాలను తలకిందులుగా తిప్పి పట్టుకుని చూడండి. అలా చూసినప్పుడు బొమ్మ కుదురుకుంటే ఎడమ, కుడి తారుమారయ్యాయన్నమాట. ఆపరేటర్ వెంటనే సరిచేయగలడు.

అపోహ: 3డీ చూస్తే పిల్లల కళ్లు పాడవుతాయి.

వాస్తవం: పాడవవు. ఆట ముగిశాక బిడ్డ కళ్లు నులుముతూ ఏడుస్తుంటే, నా చెయ్యి పట్టుకుని "అన్నా, చూపు పోతుందా?" అని అడిగిన తల్లి ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆమె భయాన్ని నేను తప్పుపట్టను. ఆ భయాన్ని పెంచే వాట్సాప్ సందేశాల మీదే నా కోపం. కన్ను తెర మీద దృష్టి నిలుపుతుంది, బొమ్మ మాత్రం ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ రెండింటినీ కలుపుకోలేక కళ్లు అలసిపోతాయి, తల నొస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది. ప్రతిసారీ నొస్తున్నా, అందరికీ కనిపించే లోతు మీ పిల్లవాడికి కనిపించకపోయినా రెండు కళ్లు కలిసి పనిచేయడంలో ఇబ్బంది ఉండవచ్చు. కంటి వైద్యుడికి చూపించండి. మన నగరంలో అందుకు కొదవ లేదు, సినిమా మనిషి ఎల్.వి. ప్రసాద్ పేరు మీదే ఒక పెద్ద కంటి ఆసుపత్రి ఉంది.

తెర ఎంత పెద్దదైతే బొమ్మ అంత బాగుంటుందన్నది మరో భ్రమ. అదే వెలుగును ఎక్కువ చోటుకు పరిస్తే పలచబడుతుంది, అంతే. మొదటి రోజు ప్రింటు బాగుంటుందనడం రీళ్ల కాలం నాటి మాట, హార్డ్ డిస్కులో వచ్చే సినిమాకు గీతలు పడవు. కేడీఎం, అంటే సినిమా ఫైలును తెరిచే డిజిటల్ తాళంచెవి, ఆలస్యమై ఆట ఆగితే ఆపరేటర్‌ను తిట్టకండి, ఆ తాళంచెవి అతని చేతిలో ఉండదు.

మరుసటి ఆదివారం అదే సినిమాను మా మేనల్లుడికి లేజర్ ప్రొజెక్టర్ ఉన్న హాల్లో 2డీలో మళ్లీ చూపించాను. కథ అప్పుడూ తేలిపోయింది. ప్రతినాయకుడికి అంత పగ ఎందుకో రెండోసారీ అర్థం కాలేదు. ఆ పోరాటం మాత్రం పూర్తిగా కనిపించింది. కవచం మీద పడి చిట్లుతున్న చినుకులు సైతం కనిపించాయి. ఎవరో నెలల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన పని అది.

"మామయ్యా, పోయినసారి ఈ వాన లేదు కదా?" అన్నాడు వాడు.