జిమ్ బలం ఎత్తులో చెల్లదు: పర్వతారోహణపై అపోహలు - వాస్తవాలు

కిలిమంజారోకో, ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కో వెళ్తామంటూ హైదరాబాద్ నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "జారిపడితే ఎలా సార్?" ఆ దారుల్లో జారిపడటం కంటే తొందరపడటమే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది.

అపోహ: పైన గాల్లో ఆక్సిజన్ శాతం పడిపోతుంది.

శాతం ఎక్కడైనా దాదాపు 21. తగ్గేది గాలి ఒత్తిడి. ఎవరెస్ట్ కొసన, 8,848 మీటర్ల దగ్గర, అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడో వంతే. అందుకే ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ తగ్గిపోతుంది.

అపోహ: ఫిట్‌గా ఉంటే ఎత్తు ఏమీ చేయదు.

అన్నిట్లోకీ ప్రమాదకరమైన నమ్మకం ఇదే. మారథాన్లు పరిగెత్తే కుర్రాడికి 3,500 మీటర్ల దగ్గర తల పగిలిపోతుంటే, వెనకాల నింపాదిగా వచ్చిన యాభై ఏళ్ళావిడ హాయిగా అన్నం తింటూ ఉండొచ్చు. పైగా బలమున్నవాడు గబగబా ఎక్కేస్తాడు, కొంప మునిగేది అక్కడే. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటు కంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. 5,895 మీటర్ల కిలిమంజారోను ఐదు రోజుల్లో చుట్టేసే ప్యాకేజీలకు ఈ లెక్క పట్టదు. సెలవు దొరకలేదంటారు. కొండకు మీ హెచ్‌ఆర్ ఎవరో తెలియదు మరి.

తలనొప్పి, వికారం ఉంటే ఇంక పైకి వెళ్ళకూడదు. మనిషి అదోలా ఉన్నాడనిపిస్తే నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంటాను. తూలాడంటే మెదడు వాస్తోందనే అనుకోవాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. రెండిటికీ అసలు వైద్యం కిందికి దించడమే, అర్ధరాత్రయినా సరే. డయామాక్స్ అనే మాత్ర ఒంటిని ఎత్తుకు త్వరగా అలవాటు చేస్తుంది, అంతవరకే. సల్ఫా రకం మందులు పడనివాళ్ళు డాక్టర్ని అడగకుండా దాన్ని ముట్టుకోవద్దు.

అపోహ: శిఖరం చేరితే గెలిచినట్టే.

ఎవరెస్ట్ మీద 8,000 మీటర్లు దాటాక చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది దిగుతూనే పోయారు.

అపోహ: ప్రాణం మీద తీపి లేనివాళ్ళు చేసే పని ఇది.

2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారంటే, దాని వెనక భువనగిరి బండ మీద మొదలైన శిక్షణ ఉంది. అలాగని శిక్షణ ముప్పును పూర్తిగా తుడిచేయదు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లోనే కన్నుమూశారు.

మరి ఎందుకెళ్తారంటే, నా మటుకు నాకు తాడు పనే ఇష్టం. దారి పొడవునా కట్టి ఉన్న తాడు మీద ముడి దాటేటప్పుడు, ముడికి అవతల రెండో క్యారబైనర్ (మనల్ని తాడుకు తగిలించే లోహపు కొక్కెం) తగిలించి, లాగి చూసి, ఆ తర్వాతే మొదటిది తీయాలి. ఆ కాసేపు బుర్రలో ఇంకేదీ ఉండదు. శిఖరం మీదంటారా, చలికి పది నిమిషాలు నిలబడటమే గగనం.

అపోహ: ఏదైనా అయితే హెలికాప్టర్ వస్తుంది.

మబ్బు కమ్మితే రాదు. చీకటి పడితే మామూలుగా రాదు. ట్రావెల్ ఇన్సూరెన్సు పాలసీల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే మెయిల్‌లో రాయించుకోండి.