ఫ్రీ త్రో తప్పడం పిరికితనం కాదు: చూపు గురించిన అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. ప్రతి టోర్నమెంటు తరువాతా ఎవరో ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి అనే మాట ఒకటే: "ప్రాక్టీసులో బాగానే వేస్తుంది మేడమ్, మ్యాచ్‌లో చేతులు ఆడవు. గుండెధైర్యం లేదు, మాన్పించేద్దాం." పిల్లలను ఆటకు దూరం చేసేది ఓటమి కన్నా ఈ మాటే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఒత్తిడిలో తడబడేవాళ్లకు ధైర్యం లేదు. అది పుట్టుకతో రావాలి.

వాస్తవం: ఫ్రీ త్రో అంటే ఫౌల్ జరిగాక గీత దగ్గర నిలబడి రింగులోకి బంతి వేసే అవకాశం. దానికి ఎవరూ అడ్డురారు. రింగు ఎత్తు 3.05 మీటర్లు, గీత నుంచి రింగు బిగించిన బోర్డుకు 4.6 మీటర్లు. ప్రాక్టీసులోనూ ఇంతే, ఫైనల్లోనూ ఇంతే. బంతి చేతికి అందాక ఉండే 5 సెకన్లలో కళ్లు చేసే పని మాత్రం మారిపోతుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ ఫ్రీ త్రోలపై చేసిన పరిశోధన 1996లో వెలువడింది. గురి తప్పనివాళ్లు చేతులు చాచకముందే రింగు మీద ఒకే చోట చూపు నిలిపి ఉంచుతున్నారని అందులో తేలింది. బంతి ముఖానికి అడ్డం వచ్చేసరికి వాళ్ల కళ్ల పని అయిపోయింది. బంతి వేసే ముందు ఇలా ఒకేచోట నిలిచే చివరి చూపునే 'క్వైట్ ఐ' (నిశ్చలమైన చూపు) అంటారు. ఆందోళన పెరిగితే ఆ చివరి చూపు కుదించుకుపోతుందని, కళ్లు గబగబా అటూఇటూ తిరుగుతాయని, గురీ తప్పుతుందని ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో చూపించారు.

తొమ్మిదో తరగతి పాప ఒకతె మ్యాచ్‌లో వరుసగా తప్పుతోందని వాళ్ల నాన్న బాధపడుతుంటే, ఆమె ముఖాన్ని ఫోనులో స్లో మోషన్‌లో తీశాను. రింగు, స్కోరు బోర్డు, బెంచీ, గ్యాలరీలో నాన్న, మళ్లీ రింగు! బంతి వదిలేటప్పటికి చూపు ఎక్కడా ఆగలేదు. వీడియో చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ధైర్యంగా ఉండు" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ కళ్లకు ఏం చేయాలో తెలియదు. మేం ఆమెకు ఒక పని అప్పజెప్పాం. తల ఎత్తి రింగును చూడాలి. బంతిని మూడుసార్లు నెమ్మదిగా కొట్టాలి. రింగు ముందు అంచు మీద ఒక్క బిందువును సుమారు ఒకటిన్నర సెకన్లు చూసి, ఆ వెంటనే ఆగకుండా వేసేయాలి. కొన్ని వారాలు నిశ్శబ్దంగా, తరువాత తోటిపిల్లలు అరుస్తుండగా చేయించాం. భయం పూర్తిగా పోలేదు, పోనవసరమూ లేదు. భయంతోనే గీత దగ్గరికి వెళ్లి, చూపు నిలిపి వేయడం నేర్చుకుంది. ఇప్పుడూ ఆడుతోంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

చూపు చురుకుగా ఉంటే చాలని కంటి వ్యాయామాల వీడియోలు పంపుతుంటారు. దయచేసి ఆపండి. అద్దాలు అవసరమైతే కంటి డాక్టరు ఇస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు చూడాలన్నది ఆ ఆటలోనే సాధన చేయాలి.

ఎంతసేపు చూస్తే అంత మంచిదన్నదీ తప్పే. చూస్తూ నిలబడిపోతే చేతులు బిగుసుకుంటాయి.

"బంతి మీద నుంచి కళ్లు తీయకు" అని క్రికెట్‌లో అందరూ చెప్పే మాట కూడా పూర్తి నిజం కాదు. లాండ్, మెక్‌లియోడ్ అనే పరిశోధకులు 2000లో వెలువడిన అధ్యయనంలో కొలిచి చూస్తే, బ్యాట్స్‌మెన్ చూపు బంతి కన్నా ముందే అది నేల తాకబోయే చోటికి దూకుతోంది. నైపుణ్యం ఎక్కువైనకొద్దీ ఇంకా ముందుగా దూకుతోంది. ఆట మారితే చూడవలసిన చోటూ మారుతుంది.

ఇక ఇది పతకాలు గెలిచేవాళ్ల విద్య అనుకునే తల్లిదండ్రులకు: శస్త్రచికిత్స నేర్చుకునే వైద్యులకు, బంతి పట్టుకోవడమే కష్టమైన పిల్లలకు కూడా ఈ శిక్షణ ఇచ్చి ఫలితం చూశారు. మీ పిల్లలు గీత దగ్గర నిలబడినప్పుడు మీరు చేయగలిగింది ఒకటుంది. రింగు వెనక గ్యాలరీలో నిలబడి చేతులూపకండి, పక్కకు వచ్చి కూర్చోండి.