మాటిమాటికీ ఆగిపోయే పాత కంప్యూటర్

మా ఇంటి డెస్క్‌టాప్‌కి పదకొండేళ్లు. ఇంటిల్లిపాదీ దాన్నే వాడతాం. కొన్నాళ్ల కిందట అది ఉన్నట్టుండి నీలం తెర చూపించడం, ఒక్కోసారి ఆ తెర కూడా లేకుండా ఠక్కున ఆరిపోవడం మొదలైంది. అడిగినవాళ్లంతా ఫార్మాట్ కొట్టేయమన్నారు. కొట్టాను. రెండో రోజుకే మళ్లీ ఆగింది. అప్పుడు గానీ, ముందే చేయాల్సిన పని చేయలేదు. ఒక కాగితం తీసుకుని, అది ఏ టైమ్‌లో, ఏ పనిలో ఉండగా ఆగుతోందో రాయడం మొదలుపెట్టాను. పాత కంప్యూటర్ విషయంలో ఏ ఎర్రర్ వచ్చిందన్నదాని కంటే ఎప్పుడు వచ్చిందన్నదే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

నీలం తెరను చూసి భయపడతాం కానీ, నిజానికి అది మన మేలు కోసమే. విండోస్ తన కీలకమైన మెమరీలో ఉండకూడనిది కనిపిస్తే, ఆ తప్పు హార్డ్ డిస్క్ మీదికి పాకి మన ఫొటోలూ ఫైళ్లూ పాడవకుండా పని ఆపేస్తుంది. తెర మీద ఒక కోడ్ కూడా ఇస్తుంది. అది చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంటే, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీసేయాలి. ప్రతిసారీ అదే కోడ్, అదే డ్రైవర్ (కంప్యూటర్‌లోని ఒక్కో భాగాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రామ్) పేరు వస్తుంటే ముందు ఆ డ్రైవర్‌ని అనుమానించాలి. రోజుకో కోడ్ వస్తుంటే అనుమానం ర్యామ్ (నడుస్తున్న పనుల్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) మీదికో కరెంటు సరఫరా మీదికో పోవాలి. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే 41 నంబరు చూసి చాలామంది ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) మార్చేస్తారు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే ఆ నంబరుకి అర్థం. ఎందుకు కాలేదో ఆ నంబరు చెప్పదు.

వారం తిరిగేసరికి నా కాగితం మీద రెండు రకాల క్రాష్‌లు తేలాయి. మొదటిది సాయంత్రాలు వీడియో చూస్తున్నప్పుడో గేమ్ ఆడుతున్నప్పుడో, ఆన్ చేసిన ఇరవై నిమిషాలకి. వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఈసారి అయిదు నిమిషాలకే. ఇది వేడి లక్షణం. ప్రాసెసర్ 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకి వెళ్తే ముందు వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే, కాలిపోకుండా తనంతట తనే ఆరిపోతుంది.

కేబినెట్ తెరిస్తే ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. విప్పి చూస్తే, దాని కింద, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్ సింక్ రేకుల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుంది. చిటికెన వేలితో అంచు లేపితే మొత్తం ఒకే ముక్కగా ఊడొచ్చింది. ఫ్యాన్ తిరుగుతున్నా రేకుల సందుల్లోకి గాలి పోయే దారే లేదు. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారింది. రెండు లోహాలు ఎంత నున్నగా ఉన్నా వాటి మధ్య కంటికి కనిపించని గుంటలుంటాయి. వాటిలో మిగిలిన గాలి వేడిని సరిగా దాటనివ్వదు. ఆ గుంటల్ని నింపడమే పేస్ట్ పని. దుమ్ము దులిపి, పాత పేస్ట్ తుడిచి, కొత్తది బఠానీ గింజంత పెట్టాక సాయంత్రం క్రాష్‌లు ఆగాయి.

రెండో రకం మాత్రం అలాగే ఉంది. పొద్దున మొదటిసారి ఆన్ చేసిన రెండు నిమిషాల్లో ఆగేది, అదీ రోజుకో కోడ్‌తో. రెండు మూడు ప్రయత్నాలయ్యాక ఇక రోజంతా ఢోకా ఉండేది కాదు.

ముందుగా ఫొటోలన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేశాను. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్ బాగానే ఉంది. తర్వాత ర్యామ్. 8 జీబీ ర్యామ్‌లో దాదాపు 6,870 కోట్ల బిట్లు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి మొరాయించినా క్రాష్ రావచ్చు. మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ ఆ బిట్లలో రకరకాల నమూనాలు రాసి, మళ్లీ చదివి సరిచూస్తుంది. రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ దొరకలేదు.

వేడెక్కాక సర్దుకునే జబ్బు ఏముంటుందా అని టార్చి వేసి మదర్‌బోర్డ్ చూశాను. ప్రాసెసర్ పక్కనే వరసగా నిలబడ్డ కెపాసిటర్లలో రెండింటి తలలు ఉబ్బి ఉన్నాయి. మిగతావాటి తలలు నాణెంలా చదునుగా ఉన్నాయి. ప్రాసెసర్ కరెంటు వాడకం క్షణక్షణం ఎగిరిపడుతుంది. వోల్టేజీ కుదుపుల్లేకుండా చూసేవి ఈ కెపాసిటర్లే. లోపలి ఎలక్ట్రోలైట్ ద్రవం ఏళ్ల తరబడి ఎండిపోతున్నకొద్దీ వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉంటే మరీ పెరుగుతుంది, వెచ్చబడితే కొంత తగ్గుతుంది. అందుకే పొద్దున పూట ఆ అవస్థ. పైగా ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. అంటే ఆ దుమ్ము దుప్పటి సాయంత్రం క్రాష్‌లు తేవడమే కాదు, పక్కనున్న కెపాసిటర్లనీ ఏళ్లుగా ఉడికిస్తూ వచ్చింది.

టంకం పని చేతనైన ఒకాయన ఆ రెండూ తీసి, అదే మైక్రోఫారడ్ విలువ (కెపాసిటర్ సామర్థ్యం), పాతవాటికి తగ్గని వోల్టేజీ ఉన్న, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే రకం వేశారు. ఎస్ఎంపీఎస్ పెట్టె మాత్రం ఇంట్లో ఎవరూ విప్పొద్దని గట్టిగా చెప్పారు. ప్లగ్ పీకేశాక కూడా అందులో ప్రాణం తీసేంత వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. మర్నాడు పొద్దున బటన్ నొక్కితే కంప్యూటర్ మొదటిసారికే ఆన్ అయింది. మధ్యాహ్నం దాకా ఆగలేదు.